నీళ్ళు మార్చడానికి ఒకరు

రైలు అయిదున్నరకి, ఇప్పుడు మూడు దాటి అయిదు నిమిషాలు, మా ఉప్పుచేపల కొట్టుకి వారంవారం వచ్చే అబీలియో నాలుగింటికల్లా వచ్చేస్తానన్నాడు కాబట్టి ఈ బెంచీ మీద నాకు మిగిలింది గంట కంటే కాస్త తక్కువ, ఆ కాస్తలో నేను తేల్చుకోవలసింది ఒక్కటే: తన కొడుకు చూపించే గది చూసొచ్చి అతను, బావుంది, ఇక లిస్బన్‌లోనే ఉండిపోతాను అంటే నేనేమనాలి. కొడుకు నెల్సన్ గట్టిగానే చెప్పాడట, నాన్నా, రైలెక్కేలోపు అవునో కాదో చెప్పెయ్, లేకపోతే జులై నుంచి ఆ గది ఎవరో చదువుకునే పిల్లకి అద్దెకిచ్చేస్తాను అని. నెల్సన్‌ని తప్పుపట్టను. ఖాళీ గది ఖాళీ బల్లలాంటిది, సరుకు పెట్టకపోతే దుమ్ము పడుతుంది. మా అమ్మాయి వానియా, అల్లుడు రుయీ, ఏడేళ్ళ మనవరాలు మతిల్ద్ కోట ఎక్కడానికి పోయారు. ఈ మూడు రోజుల్లో ఊళ్ళో మెట్లన్నీ ఎక్కి దిగి నా ఎడమ మోకాలు ఇక చాలంది, అందుకని నన్ను ఇక్కడ, కొండ అంచున నది కనబడే చోట, సామాన్లకి కాపలా పెట్టారు. "అమ్మా, ఇక్కణ్ణించి కదలకు" అంది వానియా. కదలడానికి కాలుండాలిగా అన్నాను. "కాలు లేకపోయినా ఎదురు కొట్లోకి దేక్కుంటూ పోయి వాడి తక్కెడ సరిగ్గా ఉందో లేదో చూసొస్తావు, నాకు తెలీదా?" తెలుసు దానికి. ఉప్పుచేపల మధ్య పెరిగిన పిల్ల, వాళ్ళమ్మ ఏమిటో దానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కానీ అది కూడా నేను ఈ గంటలో ఏం తూచుకుంటున్నానో ఎరగదు, లేదా ఎరిగే అందరినీ తీసుకుని కోటకి పోయిందేమో.

ఎండ గట్టిగానే ఉంది, నది మీదనుంచి గాలి వస్తోంది కాబట్టి కూర్చోగలుగుతున్నాను. పండుగకి కట్టిన రంగు కాగితాల తోరణాలు ఇంకా విప్పలేదు, కింద సందుల్లోంచి సార్డీన్లు కాల్చిన పొగ పైకి వస్తోంది, పొగ వాసనని బట్టి చెప్పగలను అవి ఇవాళ్టి చేపలు కావని, నిన్నటివి. ట్రామ్ మలుపు తిరుగుతూ కీచుమంటుంది, అది వచ్చినప్పుడల్లా జనం ఫోన్లు పైకెత్తుతారు. మేమూ ఎక్కాం మొన్న, ఒకళ్ళ మీద ఒకళ్ళం, మా అటకమీద చేపల కట్టలు కూడా అంతకంటే గాలి ఆడేటట్టు పేరుస్తాను. రుయీ దొంగల భయంతో జేబు పట్టుకుని నిలబడ్డాడు దారంతా, మతిల్ద్ ఏమో అబీలియో బెల్టు పట్టుకుని, తాతయ్యా బ్రేకు వేసినప్పుడు నువ్వు పడితే నేనూ పడతాను చూసుకో అని బెదిరించింది. అతను పడలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు వైను పీపాలు కట్టిన మనిషి, కాళ్ళు వెడల్పుగా పెట్టి నిలబడితే ట్రామే అతనికి ఆనుకున్నట్టు ఉంటుంది. లిస్బన్ వాళ్ళు మా పోర్టో వాళ్ళని పేగులు తినేవాళ్ళంటారు, మేం వాళ్ళని సలాడ్ ఆకులంటాం. ఈ ఊరు అందంగా లేదని నేననను, ముందు అద్దాలన్నీ తుడిచి సరుకంతా అద్దంలోనే పెట్టిన కొట్టులాంటి ఊరు, లోపల అటక మీద ఏముందో మూడు రోజుల్లో తెలియదు. మంచం చిన్నదయినా హోటల్లో దుప్పట్లు శుభ్రం. గుడ్డు మీగడ బిళ్ళల కోసం వరసలో ముప్పావుగంట నిలబెట్టారు, తిన్నాక ఆ ముప్పావుగంటని క్షమించాను. నిన్న పడవలో అవతలి ఒడ్డుకి పోయి వచ్చాం, నది మధ్యలో అబీలియో రెయిలింగు పట్టుకుని నీళ్ళ వంకే చూశాడు, వెనక్కి వస్తుంటే "ఈ నది మనదానికంటే వెడల్పు" అన్నాడు, "వెడల్పుంటే ఏం, అవతలివాడి మొహం కనబడదు" అన్నాను నేను, అంతే, ఆ ప్రయాణం అక్కడితో సరి. మాట అనడానికి అంత మంచి చోటు మళ్ళీ దొరకదని తెలిసి కూడా ఊరుకున్నాను, ఎందుకంటే ముందు నోరు తెరవడం నాకు చేతకాదు. మా అమ్మ కౌంటర్ వెనక నిలబెట్టి మొదట నేర్పింది అదే, ధర ముందు నువ్వు చెప్పకు, వాళ్ళచేత చెప్పించు, వాళ్ళ కళ్ళు ఏ చేప మీద ఆగాయో చూడు. నలభై మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అబీలియో కళ్ళు నిన్న నీళ్ళ మీద ఆగాయి. నీళ్ళని చూసి ఏం పోల్చుకుంటాను.

మొదటి రోజు మాత్రం అతను కడుపుబ్బ నవ్వాడు. నది ఒడ్డు వీధిలో ఉప్పుచేప కొట్టు కనబడితే నేను ఆగకుండా ఎట్లా ఉంటాను, అందరూ ముందుకు పోతుంటే నేను లోపలికి పోయి ఒక కాడ్ చేపని తోక పట్టుకుని ఎత్తి చూశాను. బాగా ఎండిన చేపయితే తోక పట్టి అడ్డంగా ఎత్తినా చెక్కపలకలా నిలబడుతుంది. సరిగ్గా ఎండకపోతే తల వాల్చేస్తుంది, అంటే దానిలో నీళ్ళున్నాయి, అంటే వాడు నీళ్ళు చేపధరకి అమ్ముతున్నాడు. అది వాలింది. కొట్టువాడు, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, తెల్ల ఏప్రన్, గడ్డం దువ్వుకున్నాడు, "అమ్మా, చూడ్డానికేగానీ పట్టుకోడానికి కాదు" అన్నాడు. "పట్టుకోకుండా ఎట్లా తెలుస్తుంది బాబూ?" "బోర్డు మీద అంతా రాశాం కదా, చదువుకోండి." "బోర్డు ఉడకబెట్టుకుని తినమంటావా?" గుమ్మం దగ్గర అబీలియో గోడకి చెయ్యి ఆనించి నవ్వాడు, వానియా మొహం తిప్పుకుంది, "బాబాయ్, మీరైనా ఆవిణ్ణి బయటికి తీసుకురండి, మనల్ని ఊళ్ళోంచి వెళ్ళగొడతారు" అంది. అతను లోపలికొచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఊరికే పట్టుకున్నాడు, జనంలో పట్టుకున్నట్టే. కానీ నేను దేన్నైనా చేత్తో తూచే మనిషిని, ఎవరు దేన్ని ఎంతసేపు పట్టుకున్నారో నాకు తెలుస్తుంది, వీధి దాటి, ఆర్చీ కింద నుంచి పోయి, మెట్ల దాకా పట్టుకునే ఉన్నాడు.

అతనికి చేప కొనడం రాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి గురువారం పదకొండింటికి మా కొట్టుకి వస్తాడు, టోపీ తీసి కౌంటర్ మీద పెడతాడు, "నువ్వే తియ్యి" అంటాడు. చేపల వంక కూడా చూడడు, గోడ మీద క్యాలెండర్ చూస్తాడు. నేను బుధవారం సాయంత్రమే నడుము దగ్గరి లావుపాటి ముక్క తీసి పక్కన పెడతాను, అది అతనికి తెలియదు. వాళ్ళావిడ సెలెస్త్ ఉన్నప్పుడు ఇద్దరికి సరిపడా కోసేదాన్ని. ఏడేళ్ళ కిందట సెలెస్త్ పోయింది, సమాధి అయిన తరువాతి గురువారం కూడా పదకొండింటికి వచ్చాడు, టోపీ తీశాడు, నువ్వే తియ్యి అన్నాడు, నేను ఇద్దరికి సరిపడానే కోశాను. తరువాతి వారమూ అంతే. అట్లా ఎనిమిది నెలలు. సగం పారేస్తున్నాడేమో, పిల్లికి పెడుతున్నాడేమో, అడగలేదు. ఒక వారం, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, బహుశా ఆ రోజు మేలిరకం తక్కువగా ఉంది, బహుశా ఇక ఎవరో ఒకరు నిజం అనాలి అనిపించింది, కత్తి కాస్త ఇటు జరిపి ఒకరికి సరిపడా కోశాను. పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. పైకీ కిందికీ ఒకసారి ఆడించాడు. బరువు తెలిసింది. టోపీ పెట్టుకుని వెళ్ళాడు. ఆ రాత్రి నా మొగుడు అర్మిందోకి చెప్పాను, తప్పుచేశానా అని. ఏదో ఒకరోజు చెయ్యాల్సిందేగా అన్నాడు. చెయ్యాల్సిందే, కానీ మాటతో చెయ్యాల్సింది, నేను కత్తితో చేశాను. అబీలియో ఆ తరువాతి గురువారం కూడా వచ్చాడు, పదకొండింటికి. దానికి నేనెంత తేలికపడ్డానో ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

అర్మిందో పోయి నాలుగేళ్ళు. అతను పోయాక మొదటి శనివారం పొద్దున్నే కొట్టు తలుపు తీస్తే అబీలియో గుమ్మంలో నిలబడి ఉన్నాడు, శనివారం అతను ఎప్పుడూ రాడు. "కట్టలు దింపాలి కదా" అన్నాడు. ఒక్కో కట్ట పాతిక కిలోలు, అటక మీదనుంచి నిచ్చెన మీద దింపాలి, అది అర్మిందో పని. నేను ఎవరినైనా పెట్టుకుంటాను అన్నాను, పెట్టుకునేదాకా నేను దింపుతాను అన్నాడు. నాలుగేళ్ళయింది, ఎవరినీ పెట్టుకోలేదు. పక్క కొట్లో కొవ్వొత్తులమ్మే ఆవిడ మొదటి ఏడాది కళ్ళెగరేసింది, రెండో ఏడాది "మీ పీపాల ఆయన వచ్చాడే" అనడం మొదలుపెట్టింది, ఇప్పుడు ఏమీ అనడం లేదు, జనం అలవాటు పడిన దానికి మాటలు ఖర్చుపెట్టరు. నేనూ అలవాటు పడ్డాను. సరుకు ఉన్నంతకాలం దాని విలువ ఎవరూ అడగరు, బల్ల ఖాళీ అయ్యాకే అడుగుతారు.

మార్చిలో ఒక గురువారం. టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు, నువ్వే తియ్యి అనలేదు. "నెల్సన్ లిస్బన్ రమ్మంటున్నాడు. ఒక గది ఉందట. ఒక్కడివీ ఎందుకు అక్కడ, అంటున్నాడు" అన్నాడు. అని నా వంక చూశాడు, క్యాలెండర్ వంక కాదు. ఆ క్షణం నేను చేసిన పని ఉప్పుచేప అమ్మే మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. కౌంటర్ ముందు నిలబడినవాళ్ళు, అవతలి కొట్లో ఇంకా బావుందట అంటే ఏమంటాం? బతిమాలితే మన సరుకు మీద మనకే నమ్మకం లేదని అర్థం. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, చేతిలో పని ఆపకుండా, వెళ్ళి చూసి రండి, అక్కడ బావుంటే అక్కడే తీసుకోండి అంటాం. పదిమందికి తొమ్మిదిమంది వెనక్కి వస్తారు. ఆ మాట నా నోటికి ఊపిరిలాగా అలవాటు, కత్తి తుడుస్తూ అనేశాను: "వెళ్ళి చూసిరా. బావుంటే ఉండిపో." అతను పీపాలు కట్టినవాడు. పలక పట్టిందా పట్టలేదా, కారుతుందా కారదా, అంతే అతని లెక్క, మాటకి వెనక ఇంకో మాట ఉంటుందని ఆ పనిలో ఎవరూ నేర్పరు. "సరే" అన్నాడు. "నువ్వూ అదే అంటున్నావన్నమాట" అన్నాడు. టోపీ తీసుకుని గుమ్మం దాకా పోయి, గుర్తొచ్చి, పొట్లం కోసం వెనక్కి వచ్చాడు. మూడు నెలలుగా ఆ మాట నా కౌంటర్ మీదే పడి ఉంది, ఎవరూ తీసుకుపోలేదు, నేనూ లోపల పెట్టలేదు. వానియాయే అంది, మతిల్ద్‌కి సెలవులు కదా, బాబాయ్ ఎట్లాగూ వెళ్తున్నారు కదా, అందరం కలిసి వెళ్ళి మూడు రోజులు ఊరు చూసొద్దాం అని. కొట్టు మూసి మూడు రోజులు ఊరెళ్ళడం నాకు ఇదే మొదలు. తలుపు మీద కాగితం అంటిస్తే కొవ్వొత్తుల ఆవిడ చదివి "గురువారానికి వచ్చేస్తావుగా?" అంది. ఎందుకడిగిందో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నాలుగు కావడానికి పన్నెండు నిమిషాలు. తక్కెడలో ఇటు పళ్ళెంలో ఏముంది: అరవై నాలుగేళ్ళు, ఒక మోకాలు, నేను పోయాక ఎవరూ నడపని ఒక కొట్టు, పక్కమీద ఒకవైపు నాలుగేళ్ళుగా నలగని దిండు. అటు పళ్ళెంలో ఏముంది: అతని కొడుకు, కొడుకు పిల్లలు, నది కనబడే కిటికీ. రక్తసంబంధం బరువైనది, దానికి ఎదురు పెట్టడానికి నా దగ్గర గురువారం పదకొండు గంటలు తప్ప ఏమీ లేదు. న్యాయంగా తూస్తే అటువైపే ముల్లు వాలుతుంది. న్యాయంగా తూచడం నాకు వచ్చు కాబట్టే ఊరుకోవాలి అనుకున్నాను. నిండు పళ్ళబుట్టతో ఒక ఆవిడ బెంచీ అవతలి చివర కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకుని లేచి వెళ్ళింది. ట్రామ్ వచ్చింది, ఫోన్లు లేచాయి. ట్రామ్ పోయాక, రోడ్డు అవతల, ఎండలో, టోపీ. చంకలో ఏదో పొడుగాటి పొట్లం.

అతను నా పక్కన కూర్చుని మోకాళ్ళ మీద పొట్లం పెట్టుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. గది ఎట్లా ఉంది అని నేను అడగలేదు, అతనే చెప్పాడు. "గది బావుంది. కిటికీ ఉంది. నది కనబడుతుంది, కాస్త వంగితే." 

"వంగాలా?" 

"కాస్తే." పొట్లం నా వైపు జరిపాడు. "ఇది చూడు. నేనే తీశాను."

"ఎవరు తీశారు?"

"నేనే. బోర్డు కొట్లో. ఇక్కడ ఉండేటట్టయితే నేర్చుకోవాలి కదా. నీకు చూపిద్దామని."

కాగితం విప్పాను. పైకి చూస్తేనే తెలుస్తోంది, మరీ తెల్లగా ఉంది, మంచి చేప ఎండుగడ్డి రంగులో ఉండాలి. తోక పట్టుకుని అడ్డంగా ఎత్తాను. చేప మెల్లిగా, సిగ్గుపడినట్టు, తల దించేసింది. ఫోటోలు తీసుకుంటున్న ఒక జంట ఆగి మమ్మల్ని కూడా ఒకటి తీసింది. అబీలియో చేపని కాదు, నా మొహాన్ని చూస్తున్నాడు. బావుంది అంటే చాలు. బావుంది, పాస్ అయ్యావు, వెళ్ళు అని. నలభై మూడేళ్ళలో ఎన్ని అబద్ధాలు ఎంత తేలిగ్గా ఆడలేదు నేను కౌంటర్ వెనక, కానీ చేప విషయంలో ఒక్కటీ ఆడలేదు.

"ఇది బాలేదు" అన్నాను. "సగం నీళ్ళే."

"అవునా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అతను మేలిరకం అన్నాడే."

"వాడు అంటాడు. నువ్వు తోక పట్టి చూశావా?"

"పట్టుకోవద్దన్నాడు."

"పట్టుకోవద్దంటే ఊరుకుంటావా? ముప్ఫై ఒక్క ఏళ్ళు నా ఎదురుగా నిలబడి ఏం నేర్చుకున్నావయ్యా నువ్వు?"

"నువ్వు తీస్తుంటే నేనెందుకు నేర్చుకుంటాను, దియొలిందా?" అన్నాడు.

కింద నదిలో పడవ అవతలి ఒడ్డుకి బయల్దేరింది. అతను ఇంకేమైనా అంటాడేమోనని ఆగాను. అలవాటు. ఆగి ఆగి, అతను ఇంకేమీ అనడని, అతను చెప్పాల్సిన ధర మార్చిలోనే నా కౌంటర్ మీద పెట్టేశాడని, నేనే తీసుకోలేదని అర్థమై, నా వయసు ఆడది నోరు తెరవడానికి ఎంత గాలి కావాలో అంతా పీల్చుకున్నాను.

"వెళ్ళి చూసిరా అన్నానే ఆ రోజు. అది కొట్టు మాట. వెళ్ళొద్దనడానికి అంటాం ఆ మాట."

అతను నా వంక చూశాడు. పలక పట్టిందో లేదో చూసేవాడి చూపు అది. "వెళ్ళొద్దనడానికి వెళ్ళమంటారా మీరు?"

"అంటాం."

"మరి కొనేవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది?"

"అందరికీ తెలుస్తుంది. నీకొక్కడికే తెలీలేదు. ఇంత నీళ్ళ చేప కొనేవాడివి, ఈ ఊళ్ళో నువ్వు బతకలేవు. ఉండొద్దు. ఇంటికి రా."

నేనన్నది పూర్తిగా విన్నాడో లేదో, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. గురువారం పెట్టినట్టే. "నెల్సన్‌కి ఏం చెప్పను?" అన్నాడు.

"చేప బాలేదని చెప్పు."

నవ్వలేదు. తల ఊపాడు, అది సరైన కారణమే అన్నట్టు. ఫోన్ తీసి, బెంచీకి అవతలగా నడిచి, నా వైపు వీపు పెట్టి మాట్లాడాడు, కాదురా, గది బావుంది, గది చాలా బావుంది అనడం వినిపించింది. పైనుంచి మతిల్ద్ గొంతు, అమ్మమ్మా, కోటలో నెమళ్ళున్నాయి అని మెట్లు దిగకముందే అరుస్తోంది. అబీలియో వచ్చి కూర్చున్నాడు. "పారెయ్యాలా మరి దీన్ని?" అన్నాడు, చేప వంక చూస్తూ.

"ఎందుకు పారెయ్యడం. నీళ్ళ చేపయినా నానబెట్టి ఉల్లిపాయలు ఎక్కువ వేస్తే తినొచ్చు. ఇంటికి పోగానే నానేస్తాను. రేపు పగలు రెండుసార్లు నీళ్ళు మార్చాలి, ఎల్లుండి మధ్యాహ్నానికి వండొచ్చు." కాగితం మళ్ళీ చుట్టాను, చేప వాలకుండా అడుగున వానియా సంచిలోంచి ఊరి పటం తీసి పెట్టి చుట్టాను. "కానీ రేపు గురువారం. నేను పొద్దుట్నుంచీ కొట్లో ఉంటాను. నీళ్ళు మార్చడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి."

అతను ఒక క్షణం కూడా ఆగలేదు. "నేను మారుస్తాను" అన్నాడు. "ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి ఒకసారి. తరువాత రెండింటికి. పదకొండింటికి నీకు పనుందిగా."

వాళ్ళు మెట్లు దిగుతున్నారు, వానియా ముందు చేపని చూసింది, తరువాత మా ఇద్దర్నీ చూసింది. నేను సంచిలోంచి తాళంచెవుల గుత్తి తీశాను. కొట్టువి రెండు, అటకది ఒకటి, ఇంటిది ఒకటి. ఇంటిది విప్పబోతే రింగు బిగుసుకుపోయి ఉంది, నాలుగేళ్ళుగా ఎవరూ కదపలేదు. గోరు విరిగింది. "ఇటివ్వు" అని అబీలియో రింగు తీసుకున్నాడు, ఇనప పట్టీలు నలభై ఏళ్ళు వంచిన వేళ్ళతో ఒక్కసారి నొక్కాడు, అది తెరుచుకుంది.